కొలతల మనిషి

మార్చి 3

వదినమ్మా,

నువ్వు పంపిన ఫోటో అందింది. బుడ్డిది ముందు నిలబడింది, అన్నయ్య పక్కన నిలబడ్డాడు, మిగతా ఫోటో అంతా నువ్వే. కోప్పడకు. వయసులో నాకంటే రెండేళ్ళు చిన్నదానివి, వరసకు మాత్రం వదినవి. నిన్ను ఆటపట్టించే హక్కు మా అన్నయ్య నిన్ను చేసుకున్న రోజే నాకు వచ్చేసింది.

ఫోటో కౌంటరు మీద పెట్టుకుని చూస్తుంటే మా యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తనూ వంగి చూశాడు. "బట్టల కంపెనీలో కొలతల మనిషి అన్నావే, ఈవిడేనా?" అన్నాడు. అవునన్నాను. "ఏ సైజుకి?" అన్నాడు. నవ్వాపుకోలేక చేతిలో ఉన్న దగ్గుమందు సీసా వదిలేశాను. దాని ధర నా జీతంలో పట్టుకుంటాడు, నువ్వే బాధ్యురాలివి.

అసలు సంగతి. ఈ ఉత్తరంతో పాటు చిన్న పార్సిల్ వస్తుంది. అందులో బుడ్డిదానికి రిబ్బన్లు, అన్నయ్యకి పాదాల పగుళ్ళకి పూసుకునే మందు, నీకు ఓ డబ్బా. గులాబి రంగు బిళ్ళలు. ఆకలిని చంపేస్తాయి. డాక్టరు చీటీ అక్కర్లేదు. రోజుకి పదిమంది ఆడవాళ్ళు వచ్చి, కౌంటరు మీదికి వంగి, ఏదో దొంగసరుకు అడిగినట్టు అడిగి పట్టుకుపోతారు. పొద్దున లేవగానే ఒకటి. అంతకంటే వద్దు. నెలలో నీ పాత గౌన్లు నీకు పడతాయి.

నేనా? కర్రకి బట్టలు తొడిగినట్టు అలాగే ఉన్నాను. ఒళ్ళు రావడానికి బిళ్ళలుంటే ముందు నేనే మింగేదాన్ని.

కొట్లో ఫోను ఉంది కానీ యజమాని దాని అంకెల చక్రానికి తాళం వేసుకుంటాడు. కాబట్టి ఉత్తరం రాయి. పెద్దదే రాయి.

నీ కంట్లో నలుసు,
మరదలు

*

మార్చి 11

మరదలా,

పార్సిల్ అందింది, వెటకారం కూడా భద్రంగా అందింది. రిబ్బన్లు కట్టుకుని బుడ్డిది ఇల్లంతా తిరుగుతోంది, స్నానానికి కూడా విప్పనివ్వడం లేదు. మీ అన్నయ్య ఆ పాదాల మందు ఒకరోజు పూసుకుని మర్చిపోయాడు. ప్రెస్సులో పొద్దస్తమానం నిలబడే మనిషి, నొప్పి వస్తే తప్ప కాళ్ళున్నాయని గుర్తుండదు.

నీకు నా ఉద్యోగం నవ్వులాటగా ఉంది కానీ, ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. కంపెనీలో కొత్త మోడల్ ఏది కుట్టినా ముందు నా ఒంటి మీదే చూస్తారు. నేను ఎత్తు బల్ల మీద నిలబడతాను. కటింగు మాస్టారు నోట్లో గుండుసూదులు పెట్టుకుని నా చుట్టూ తిరుగుతాడు. చంకలో పట్టేస్తోందా, చెయ్యెత్తితే నడుం దగ్గర లేస్తోందా, కూర్చుంటే వీపు లాగుతోందా, అన్నీ నేను చెప్పాలి. నా నడుం ఇరవై ఎనిమిది. దాన్ని నమ్ముకుని ఆ సైజులో వేల బట్టలు కోస్తారు. బుడ్డిది పుట్టాక మూడేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాను. ఈ ఏడాది ముప్ఫైకి పోయింది.

ప్రతి సోమవారం పొద్దున టేపు పెడతారు. మాస్టారు తిట్టడు. అంకె చూస్తాడు, పక్కనున్న అమ్మాయితో "ఇంకోసారి చూడమ్మా" అంటాడు. ఆ "ఇంకోసారి" వింటే నాకు భూమిలోకి దిగిపోవాలనిపిస్తుంది. పోయిన వారం బొత్తాల దగ్గర పనిచేసే ఓ సన్నటి పిల్లని పిలిచి, ఊరికే అన్నట్టు, ఆమెని కూడా కొలిచారు. ఊరికే ఎవరు కొలుస్తారు?

అందుకే నీ గులాబి బిళ్ళలు మొదలుపెట్టాను. నువ్వు ఎగతాళికి పంపినా నాకు అవి దేవుడు పంపినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే తిండి మీదికి మనసు పోవడం లేదు. నోరు మాత్రం పిడచకట్టుకుపోతోంది. గుండె కూడా ఉండుండి గబగబా కొట్టుకుంటోంది, మెట్లెక్కినట్టు. పర్వాలేదు కదూ?

నీ వదిన

*

మార్చి 29

వదినా,

నోరు ఎండితే నీళ్ళు తాగు. గుండె కొట్టుకోవడం మంచిదే, కొట్టుకోకపోతేనే చిక్కు. ఇంకో డబ్బా పంపుతున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది చదివి గట్టిగా అరవకు, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తారు. నన్ను చూడటానికి ఒకాయన వచ్చాడు. ఇంటికి కాదు, కొట్టుకే. స్కూల్లో డ్రాయింగు మాస్టారు. నలభై ఉంటాయి, ముందు భాగంలో జుట్టు తగ్గింది. మధ్యవర్తి నా సంగతి చెబితే, ముందు తనే ఒకసారి చూసి వస్తానన్నాడట. వచ్చి తలనొప్పి మందు అడిగాడు. ఇచ్చాను. "ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అన్నాను. "నొప్పి లేదండీ, కౌంటరు దగ్గర నిలబడటానికి ఏదో ఒకటి కొనాలి కదా" అన్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. ఆయనవి. నావి కూడా అయ్యే ఉంటాయి.

పదినిమిషాలు మాట్లాడాడు. మందు సీసాల మీద ఉన్న బొమ్మల్లో ఏది బాగా గీశారో, ఏది చెత్తగా గీశారో చూపించాడు. ఏడేళ్ళుగా ఆ సీసాలు తుడుస్తున్నాను, వాటి మీద బొమ్మలున్నాయని నాకు తెలియదు.

ముప్ఫై ఒకటి నిండి ముప్ఫై రెండు నడుస్తున్న దాన్ని ఇలా రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఆయన అక్కగారు మీ కంపెనీలోనే కాజాలు కుట్టే సెక్షనులో ఉందట. నీ దగ్గరికి వస్తే నాలుగు మంచి మాటలు చెప్పు. అబద్ధాలు కూడా చెప్పు, నేను నిజం చేసుకుంటాను.

మరదలు

*

ఏప్రిల్ 9

నా బంగారు మరదలా,

అరిచాను. పక్కింటివాళ్ళు నిజంగానే వచ్చారు. మీ అన్నయ్య పెరట్లోకి వెళ్ళి చాలాసేపు సైకిలు తుడిచాడు. సంతోషమొస్తే ఆయన తుడిచేది సైకిలే.

ఆ అక్కగారు నిన్న టీ వేళకి వచ్చింది. చేతుల నిండా దారం ముక్కలు. మంచి మనిషే, కాకపోతే ప్రతి మాటనీ రెండుసార్లు తిప్పి చూస్తుంది, కాజా సరిగ్గా పడిందా లేదా అన్నట్టు. నీ గురించి అరగంట చెప్పాను. నీ చేతిరాత, నీ వంట, నీ నోటి దురుసు కూడా చెప్పాను, తర్వాత తెలిసి బెదిరిపోకుండా. "ఆరోగ్యం ఎలా ఉంటుందమ్మా?" అంది. "దానికేం, మందుల కొట్టు దానిదే కదా, బిళ్ళలు వేరుశనగల్లా నములుతుంది" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

నా సంగతి. ఇరవై తొమ్మిది! మాస్టారు ఈ సోమవారం "ఇంకోసారి" అనలేదు. ఇంకో అంగుళం పోతే గట్టెక్కినట్టే. బొత్తాల పిల్ల నా వైపు చూడటం మానేసింది.

ఒక్కటే బాధ, ముక్కు. కటింగు హాల్లో నూలు పొగలాగా లేస్తుంది కదా, ఎప్పుడూ దిబ్బడే. ముక్కుతో మాట్లాడుతుంటే బుడ్డిది నన్ను వెక్కిరిస్తోంది. కంపెనీ గేటు పక్కన మందుల షాపు ఉంది, అక్కడ జలుబు బిళ్ళలు తెచ్చుకుని పొద్దునా సాయంత్రం వేసుకుంటున్నాను. అవి పడితే రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. తల మాత్రం ఎవరో పట్టకారుతో బిగించినట్టు ఉంటుంది.

డ్రాయింగు మాస్టారు మళ్ళీ తలనొప్పి మందుకి వచ్చాడా?

నీ వదిన

*

మే 2

వదినకి,

ఆయన రాలేదు. ఇక రాడు.

మధ్యవర్తి నిన్న కొట్టుకి వచ్చి, నలుగురు కొనుగోలుదారుల ముందు, గొంతు తగ్గించకుండానే చెప్పాడు. "అమ్మాయికి ఏదో జబ్బుందట కదా, రోజూ గుప్పెడు బిళ్ళలు మింగుతుందట. సొంత వదినే చెప్పిందట. వాళ్ళు వెనక్కి తగ్గారు" అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ నేనిచ్చిన చిల్లర కౌంటరు మీద పెట్టించుకుని తీసుకుంది. నా చెయ్యి తగలకుండా.

నాలుగు మంచి మాటలు చెప్పమన్నాను. నువ్వు ఒకటే చెప్పావు, అది చాలింది.

నీకు పెళ్ళయింది, పిల్ల ఉంది, ఉద్యోగం ఉంది, మా అన్నయ్య ఉన్నాడు. నాకు ఉన్నది ఆ పది నిమిషాలే. అవి కూడా నీ కంట్లో పడ్డాయా?

జవాబు అక్కర్లేదు.

*

మే 10

మరదలా,

జవాబు వద్దన్నావు. రాయకుండా ఎలా ఉండమంటావు?

బుడ్డిదాని మీద ఒట్టు, అది హాస్యం. నువ్వూ నేనూ ఎప్పుడూ ఆడుకునే మాటలే. ఆవిడ నాతో పాటు నవ్వింది కూడా. ఇంటికి వెళ్ళి తమ్ముడికి చెప్పేటప్పుడు నవ్వు ఇక్కడే మర్చిపోయి మాట ఒక్కటే పట్టుకెళ్ళింది. నీ ఉత్తరం చదివిన రోజే పని మధ్యలో సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ లేదు, కబురు వదిలి వచ్చాను. మళ్ళీ వెళ్తాను. అవసరమైతే ఆ డ్రాయింగు మాస్టారి స్కూలుకే వెళ్ళి, పిల్లల ముందు నిలబడి చెబుతాను, తప్పు నా నోటిదని.

తిట్టు, నాకు తగినదే. కానీ మాట్లాడటం మానకు.

ఇంకో సంగతి. దీనికి మాత్రం వెంటనే ఒక్క ముక్క రాయి. కంపెనీ నర్సు నిన్న అందర్నీ పిలిచి ఓ కాగితం చదివింది. ఆకలి చంపే బిళ్ళల వల్ల ఆడవాళ్ళకి తలలో నరాలు చిట్లుతున్నాయట, జలుబు బిళ్ళల్లో కూడా అదే మందు ఉంటుందట, రెండూ కలిపి వేసుకుంటే మరీ ప్రమాదమట. నాకు భయమేసి నిన్నటి నుంచి రెండూ ఆపేశాను. నా దగ్గర నీ బిళ్ళలు మూడు స్ట్రిప్పులున్నాయి. నువ్వు పంపినవి ఆ రకం కావు కదా? నర్సుకి అన్నిటికీ భయమే, వేలికి సూది గుచ్చుకుంటే కూడా అంబులెన్సు అంటుంది. వచ్చే సోమవారం మా బట్టలు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు స్వయంగా వచ్చి కొలతలు చూస్తారట. నాకింకా అర అంగుళం మిగిలి ఉంది. నువ్వు వేసుకోమంటే వేసుకుంటాను, వద్దంటే పారేస్తాను. నర్సు కంటే నాకు నువ్వే ఎక్కువ.

నీ వదిన

*

మే 12, పొద్దున

వదినకి,

జవాబు వద్దన్నాను కదా అని నువ్వు హాయిగా ఊరుకున్నావు. పది రోజులైంది. ఒక్క ముక్క లేదు. తప్పు చేసినవాళ్ళు ఊరుకున్నా, పడినవాళ్ళకి ఊరుకోవడం చేతకాదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కొట్లో ఈ వారం ఊపిరాడని పని. సరుకు వెనక్కి పంపాలి, అట్టపెట్టెలు కట్టాలి. మధ్యవర్తి మాటలు విన్నవాళ్ళు వచ్చినప్పుడల్లా నా ముఖం కేసి చూసి, మందు మా యజమానిని అడుగుతున్నారు. నీ చలవ.

నేను బిళ్ళలు వేరుశనగల్లా నములుతాను కదూ? నువ్వు కూడా నేర్చుకో. నా లెక్క ప్రకారం నీ దగ్గర ఇంకా మూడు స్ట్రిప్పులుండాలి. దాచుకోకు. ఒక్కటి కూడా మిగల్చకుండా వేసుకో. కావాలంటే పూటకి రెండేసి వేసుకో. నాకు మనుషుల సంగతి తెలియదేమో కానీ మందుల సంగతి బాగా తెలుసు.

మీ అన్యోన్యమైన సంసారానికి నా శుభాకాంక్షలు.

*

జూన్ 6

వదినా, నా తల్లీ,

మొన్న ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాను. ఇంకా ఉండాలనుకున్నాను, యజమాని సెలవు పొడిగించలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను కానీ దారిలో ఏమున్నాయో ఒక్కటీ చూడలేదు.

నీకు ఇది అన్నయ్య చదివి వినిపిస్తాడని తెలుసు. అన్నయ్యా, నెమ్మదిగా చదువు, గొంతు పెంచకు. చెవులకేం కాలేదని డాక్టరు చెప్పాడు. అందరూ ఆ గదిలో ఎందుకు అరిచి మాట్లాడతారో నాకు అర్థం కాలేదు.

వదినా, నువ్వు త్వరగా కోలుకుంటావు. తలలో చిట్లిన చోట రక్తం పీల్చుకుపోయిందన్నారు. కుడి చెయ్యి కూడా వస్తుంది. కాలు అప్పుడే కొంచెం లేస్తోంది కదా. నువ్వు నీళ్ళు అడగబోయి "కత్తెర" అన్నప్పుడు బుడ్డిది వెళ్ళి నిజంగానే కత్తెర తెచ్చి ఇచ్చింది, గుర్తుందా? మాటలు ఎక్కడికీ పోలేదు వదినా, అరలు మారాయంతే. నేను కొట్లో చూస్తుంటానుగా, ఒక అరలోవి ఇంకో అరలో పెడతారు, వెతికితే దొరుకుతాయి.

నువ్వు నన్ను అదేపనిగా చూస్తూ ఎడమ చేత్తో నా ముంజెయ్యి పట్టుకున్నావు. ఏదో అనాలనుకున్నావు. నాకు భయమేసి దుప్పటి సర్దే వంకతో చెయ్యి విడిపించుకున్నాను. క్షమించు.

బలానికి పొడి పంపుతున్నాను. ఒళ్ళు పట్టడానికి నూనె పంపుతున్నాను. నీకు ఏం కావాలన్నా అన్నయ్యతో ఒక్క మాట రాయించు. నా మీద ఏ కోపమున్నా కడుపులో పెట్టుకో.

నీ మరదలు

*

జులై 20

మరదలా

ఎడమ చెయ్యి. ఇది నాలుగు రోజుల ఉత్తరం. రోజుకి కొన్నే వాక్యాలు.

నవ్వకు. అక్షరాలు బుడ్డిదానివిలా ఉన్నాయి.

ఇంటికి వచ్చాను. గోడ పట్టుకుని పెరటి దాకా. గుండీలు పెట్టుకోలేను. జడ వేసుకోలేను. మీ అన్నయ్య వేస్తాడు, తాడు పేనినట్టు.

కంపెనీ నుంచి పళ్ళు పంపారు. బల్ల మీద బొత్తాల పిల్ల నిలబడుతోందట. ఇరవై ఎనిమిది.

డాక్టరు మీ అన్నయ్యని అడిగాడు, ఏం బిళ్ళలు వేసుకుందని. నా సంచిలో రెండు రకాలూ దొరికాయి. ఎక్కడివని మీ అన్నయ్య నన్ను అడిగాడు. అడిగాడు, అడిగాడు. నేను గేటు పక్క షాపు అన్నాను. జలుబువి అక్కడివే కదా. నీ పేరు చెప్పలేదు. చెబితే నిన్ను గడప తొక్కనివ్వడు.

ఆయన వెళ్ళి ఆ షాపు అద్దాలు పగలగొట్టాడు. షాపతనికి కనుబొమ్మ చిట్లింది. ఆరు కుట్లు. పోలీసులు వచ్చారు. కంపెనీవాళ్ళు నచ్చజెప్పి పంపారు. షాపతను ముసలాయన. నాకు ఎప్పుడూ బిళ్ళలతో పాటు "జాగ్రత్తమ్మా" అనేవాడు.

నువ్వు బాధపడకు. నీకు తెలియక జరిగింది. ఆ కాగితం మీ కొట్టుకి ఆలస్యంగా వచ్చి ఉంటుంది.

నువ్వు నా మీద కోపం వదిలేశావు. అది చాలు నాకు. నా నోటితో నీ పెళ్ళి చెడగొట్టాను. నోరే పోయింది. సరిపోయింది.

వదిన

*

ఆగస్టు 14

వదినా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రోజూ మొదలుపెట్టి చించేస్తున్నాను. ఆ ముసలాయన ఆరు కుట్లు నన్ను కూర్చోనివ్వడం లేదు. నువ్వు చదివాక ఈ కాగితం ఏం చేస్తావో నీ ఇష్టం.

ఆ కబురు మా కొట్టుకి ఆలస్యంగా రాలేదు. మే 9న వచ్చింది. యజమాని నా చేతికే ఇచ్చాడు. గట్టిగా చదవమన్నాడు, చదివాను. తలలో రక్తస్రావం, ముఖ్యంగా ఆడవాళ్ళు, జలుబు మందుతో కలిపితే ఎక్కువ, అన్నీ చదివాను. ఆ కాగితాన్ని కౌంటరు అద్దానికి అతికించింది నేనే. గులాబి బిళ్ళల డబ్బాలు నలభై, అట్టపెట్టెల్లో కట్టి వెనక్కి పంపింది నేనే. ఊపిరాడని పని అని రాశానే, ఆ పని అదే.

నువ్వు రెండూ కలిపి వేసుకుంటున్నావని నాకు తెలుసు. ఏప్రిల్‌లో నువ్వే రాశావు.

అన్నీ తెలిసే మే 12న కూర్చుని ఆ ఉత్తరం రాశాను. నిన్ను ఆపే మాట కలం చివరి దాకా వచ్చింది. రాయలేదు. మిగల్చకుండా వేసుకోమని రాశాను. రెండేసి వేసుకోమని రాశాను. నువ్వు చచ్చిపోవాలని కాదు, వదినా. నీకు కళ్ళు తిరగాలి, ఓ రెండు రోజులు మంచం పట్టాలి, నేను అక్కర్లేదనుకున్నందుకు నన్ను తలుచుకోవాలి, అంతే అనుకున్నాను. ఇంకో వారం ఆగి నిజం రాద్దామనుకున్నాను. ఒక్క వారం నువ్వు భయపడితే చాలనుకున్నాను.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది. పది రోజులు ఆగి ఇప్పుడా అని ఇంకా మండిపోయాను. విప్పకుండా దగ్గుమందు పెట్టెల కింద పడేశాను. సోమవారం కొట్టుకి అన్నయ్య ఫోను చేశాడు. యజమాని తాళం తీసి మరీ రిసీవరు నా చేతికిచ్చాడు, ఎప్పుడూ అలా ఇవ్వడు. నీ ఉత్తరం అప్పుడు తీసి, బస్సులో విప్పాను. "నువ్వు వేసుకోమంటే వేసుకుంటాను, వద్దంటే పారేస్తాను." బస్సు ఆపమని అరిచానట. ఎందుకో నాకే తెలియదు. దిగి ఎక్కడికి వెళ్తాను?

ఆసుపత్రిలో నువ్వు నా ముంజెయ్యి పట్టుకున్నప్పుడు నీకు తెలిసిపోయిందనుకున్నాను. నీకు తెలియదని నీ జులై ఉత్తరం చూశాకే తెలిసింది. తెలియకుండానే నన్ను కాపాడావు.

అన్నయ్యకి నేనే రాస్తాను. నన్ను కొట్టనీ, ఇంటికి రావద్దననీ. ఆ షాపు ముసలాయన దగ్గరికి కూడా వెళ్ళి కాళ్ళ మీద పడతాను. నువ్వు ఊ అను, చాలు. ఆ రోజే రాస్తాను.

మరదలు అని సంతకం పెట్టడానికి కూడా చెయ్యి రావడం లేదు.

*

సెప్టెంబరు 2

మరదలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎడమ చెయ్యి ఇప్పుడు బాగా అలవాటైంది. తొమ్మిది రోజులు పట్టింది ఇది రాయడానికి. తొందర లేదు నాకు. ఎక్కడికీ వెళ్ళేది లేదు.

నేను మంగళవారం నీకు రాశాను. శనివారం నీ ఉత్తరం వచ్చింది. నేను అడిగినదానికి అది జవాబు అనుకున్నాను, ఒక్క ముక్క లేదన్నది కూడా కోపానికి అన్నావనుకున్నాను. నువ్వు రాసింది మొదట్నుంచీ చివరి దాకా తిట్లే, అయినా నాకు సంతోషమేసింది. ఇంత కోపంలో కూడా బిళ్ళల సంగతి మర్చిపోకుండా చెప్పింది, నా మరదలు అలాంటిది అనుకున్నాను. ఆ వాక్యాలు నర్సుకి చూపించాను. ఆవిడ చదివి విసుక్కుంది. "మందుల సంగతి బాగా తెలుసు అని రాసింది కదా, నాకంటే ఆవిడకే ఎక్కువ తెలిసి ఉంటుంది, మీ ఇష్టం" అంది. ఆదివారం రెండు వేసుకున్నాను. సోమవారం పొద్దున రెండు. ముక్కు దిబ్బడగా ఉందని జలుబు బిళ్ళ ఒకటి. బల్ల ఎక్కాను. మాస్టారు టేపు నా చుట్టూ తిప్పాడు. "ఇరవై ఎనిమిది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది నేను సరిగ్గా విన్న చివరి మాట.

ఆసుపత్రిలో నీ ముంజెయ్యి పట్టుకుని చెప్పాలనుకున్నది ఒకటే. నీ మీద కోపం లేదని.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు.

మీ అన్నయ్యకి నువ్వు రాయకూడదు. నేను చెప్పను. ఎప్పటికీ చెప్పను. రాస్తే ఆయన అరుస్తాడు, కొడతాడు, తర్వాత ఏడుస్తాడు, రెండేళ్ళకో మూడేళ్ళకో క్షమిస్తాడు. నీకు తేలికైపోతుంది. ఆ తేలిక నీకు వద్దు. షాపు ముసలాయన దగ్గరికి కూడా వెళ్ళకు. ఆయన కుట్లు మానాయి. నిన్ను చూసి ఆయన "పోనీలేమ్మా" అంటాడు. అది నువ్వు వినకూడదు.

నువ్వు ఇక్కడికి రా. ఉద్యోగం మానెయ్. చూసి వెళ్ళడానికి కాదు, ఉండటానికి. పొద్దున నన్ను బాత్రూముకి తీసుకెళ్ళాలి. నీళ్ళు పొయ్యాలి. గుండీలు పెట్టాలి, జడ వెయ్యాలి. అన్నం కలిపిపెట్టాలి. నోటి కుడి పక్క నుంచి కారుతుంది, తుడవాలి. బుడ్డిదాన్ని బడికి దింపాలి. అది నిన్ను ప్రేమగా చూస్తుంది. అత్తే నాకు అన్నీ చేస్తుంది అంటుంది. అన్నప్పుడల్లా నేను నీ ముఖం చూస్తాను.

ఇంకొకటి. కాజాల అక్కగారు పోయిన గురువారం వచ్చింది. మేలో నేను వాళ్ళింట్లో వదిలి వచ్చిన కబురు అప్పుడే అందిందట. తర్వాత నాకు ఇలా అవడంతో అడగలేక ఇన్నాళ్ళూ ఊరుకుందట. తమ్ముడు ఇంకా ఎవర్నీ చూడలేదట. మీ కొట్టు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాడట, లోపలికి రావడానికి ముఖం చెల్లలేదట. నువ్వు సరేనంటే ఈ నెలలోనే మాట్లాడుకుందామని అడగడానికి వచ్చింది.

నువ్వు పెళ్ళి మాట వదిలేశావని చెప్పాను. వదినకి సేవ చేసుకుంటూ ఉండిపోతానన్నావని చెప్పాను. తడబడుతూ చెప్పాను, అయినా ఆవిడకి అర్థమైంది. నీ మంచితనానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ రోజుల్లో ఇలాంటి ఆడపడుచు ఎవరికి దొరుకుతుంది?" అంది.

వచ్చేముందు ఆయనకి ఉత్తరం ముక్క రాయడం, కనబడటం పెట్టుకోకు. కనబడితే నాకు తెలుస్తుంది. ఆవిడ ప్రతి గురువారం వస్తుంది నన్ను చూడటానికి.

వదిన

*

సెప్టెంబరు 6

వదినా,

నిన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. యజమాని ఎందుకని అడిగాడు. మా వదినకి చేతిసాయం కావాలన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. అడగలేదన్నాను.

గది ఖాళీ చేశాను. పరుపు పక్కింటావిడకి ఇచ్చేశాను. ఈ మధ్యాహ్నం కౌంటరు కొత్త అమ్మాయికి అప్పగిస్తుంటే డ్రాయింగు మాస్టారు ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో చుట్టచుట్టిన కాగితం ఏదో ఉంది. కొట్టు వైపే చూస్తున్నాడు. నేను లోపలికి వెళ్ళి, ఆయన వెళ్ళిపోయే దాకా మందుల అలమార వెనక నిలబడ్డాను. గంట పైనే నిలబడ్డాడు. ఎవరైనా చూసి చెబితే, నేను బయటికి రాలేదని కూడా చెప్పమను.

శనివారం పదకొండు గంటల బస్సుకి దిగుతాను. అన్నయ్యని రావద్దని చెప్పు, నడిచి వస్తాను. నీకు పొద్దున స్నానం ఎన్ని గంటలకి?

మరదలు